ఆరు నెలల మీద తొమ్మిది రోజులు

బోస్టన్ అంటే అందరూ అమెరికా అనుకుంటారు.
మాది లింకన్‌షైర్ బోస్టన్,
క్యాబేజీ పొలాల గాలికి
బస్టాండు దాకా ఆకు కుళ్ళిన వాసన.
ఇక్కడ శాశ్వతం అనే మాటకి
ఎనభై అయిదు పేజీలు.

ఆ మాట నేను అంతకుముందు విన్నది
తాతయ్య దినం నాడు, పురోహితుడి నోట.
ఏదీ శాశ్వతం కాదన్నాడాయన.
దరఖాస్తు అలా అనదు.
అయిదేళ్ళు తెంపు లేకుండా ఉంటే అవుతుందంటుంది.

విడ్మాంటస్ జీతం చీటీలు బిస్కెట్ డబ్బాలో దాస్తాడు.
రాత్రి షిఫ్టు, కాలీఫ్లవర్ లైను,
కాగితాలు తీస్తే ఇంకా చలి తగులుతుంది.
అతను పనిచేశాడు కాబట్టి నేనున్నాను.
చట్టం వాక్యంలో నేను క్రియని కాను,
విభక్తిని.

సలహా కేంద్రంలో ఆవిడ కళ్ళజోడు సర్దుకుని
భర్త రిమ్‌కుస్, మీరు రిమ్‌కియెనె, ఎందుకీ తేడా అంది.
స్నేహితుడు, స్నేహితురాలు లాంటిదేనండీ అన్నాను,
తెలుగులో. నవ్వు నాకొక్కదానికే వచ్చింది.

తర్వాత పాస్‌పోర్టులో ముద్రలు లెక్కపెట్టింది
పెన్సిల్ మొనతో, శనగల్లో రాళ్ళు ఏరినట్టు.
ఏడాదిలో ఆరు నెలలకి మించి బయట ఉండకూడదు.
మీరు ఆరు నెలల మీద తొమ్మిది రోజులున్నారు.

ఉన్నాను.
పనెవెజీస్ దగ్గర పల్లె, మంచు,
అత్తగారు అల్డోనా బావి దగ్గర జారి
తుంటి విరగ్గొట్టుకుంది.
అతను వెళితే జీతం చీటీ తెగుతుంది,
చీటీ తెగితే నేను తెగుతాను.
అందుకని నేనే వెళ్ళాను.

ఇద్దరికీ కలిసిన మాట ఒక్కటీ లేదు.
బీట్‌రూట్ చారు పోస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి
గనా, అనేది. చాలా? అనేదాన్ని.
ఫిబ్రవరికల్లా ఆవిడ చాలు అంటోంది,
నేను గనా అంటున్నాను.

టికెట్టు ముందే కొన్నాను, లెక్క లోపలే.
ఆ పొద్దున ఆవిడ మంచం దిగి
కర్ర మీద నిలబడింది.
గుమ్మం దాకా మూడు రోజులు.
కట్టెల కొట్టం దాకా ఇంకో నాలుగు.
తొమ్మిదో రోజు గేటు పట్టుకుని
పందెం గెలిచిన పిల్లలా నన్ను చూసింది.
ఆ చూపు మీద ఎవరూ ముద్ర వెయ్యలేదు.

జబ్బయితే వదిలేస్తారు,
కానీ అది మీకు రావాలి,
అంది సలహా ఆవిడ, తలొంచుకుని.

గోధుమ రంగు కవరు మే నెలలో వచ్చింది.
అయిదేళ్ళు మళ్ళీ ఒకటి నుంచి.
విడ్మాంటస్ చదివి, మడిచి, డబ్బాలో పెట్టి మూత నొక్కాడు.
ఆ మూత ఎప్పుడూ ఒక్కసారికి పడదు.
ఇంకోసారి నొక్కి షిఫ్టుకి వెళ్ళాడు.

ఆదివారం అత్తగారి ఫోను.
కాగితం వచ్చిందా అంటోంది.
ఆ మాటలు ఇప్పుడు నాకు తెలుసు.
ఇంకా లేదన్నాను.
ఇవాళ ఎందాకా నడిచారని అడిగాను.
బస్టాపు దాకా, అంది.
వెనక్కి కూడా.