వేలాడే దీపం

తాల్కవానో రేవులో తెల్లవారుజాము, మూడున్నర.
ఎదెల్మీరా రొట్టెల పిండి పిసుకుతోంది.
వీధిలో చేపల లారీ పోయింది,
పెనాలు గడగడమన్నాయి.

అంతే.
చెవుల నడుమ ఎక్కడో
బాదంగింజంత కావలివాడు
ఎవర్నీ అడక్కుండా గంట కొట్టేశాడు.
మూత్రపిండాల మీద టోపీల్లా కూచున్న గ్రంథులు
ఉన్నదంతా నెత్తుట్లోకి దిమ్మరించాయి.
గుండె గొంతులోకొచ్చింది.
కాళ్లు అప్పుడే గుమ్మం దగ్గరున్నాయి,
చేతులకి పిండితోనే.

ఆ తర్వాత, ఎంతో తర్వాత అనిపించే అరక్షణానికి,
నుదుటి వెనక పెద్దమనిషి
కళ్లజోడు వెతుక్కుని దీపం వైపు చూశాడు.
ఊగడం లేదు.

"లారీయే," అంది, పిండితో చెబుతున్నట్టు.
కావలివాడు ఓ పట్టాన నమ్మడు.
ఏళ్ల కిందట ఇదే వేళకి
ఇలాంటి దీపమే కప్పుకి కొట్టుకుని పగిలింది.
వాడి దగ్గర క్యాలెండరు లేదు.

కొత్తగా పనిలో చేరిన నవెల్ అడిగాడు,
ఇన్ని ట్యూబులైట్లుండగా
వెలగని ఈ దీపం ఎందుకని.
ఆమె ఊపిరి పొడుగ్గా వదిలింది.
ముద్ద తీసుకుని మధ్యలో అరచేతి అంచుతో గాటు పెట్టింది.

గాటు కాస్త వంకర పోయింది.
చెయ్యింకా దిగలేదు.