ఒకే సబ్బు

చేతుల్ని బట్టి మనుషుల్ని పోల్చుకుంటా నేను.
చూపు పోయి పన్నెండేండ్లు.

మద్దిలేటి చెయ్యి బీడీ వాసన,
ఎవరికీ తెలీదనుకుంటాడు వాడు.
హుసేనమ్మ వేళ్ళు వెల్లుల్లి,
పొద్దున్నయితే ఉగ్గాని తాలింపు.
సువార్తమ్మది స్పిరిటు,
దాని కింద సన్నగా కొబ్బరినూనె.
పక్క మంచం ఖాజావలీ చేతిలో
నలభై ఏండ్ల కుట్టుమిషను నూనె,
ఇంకా దిగలేదు.
నాకే వాసనా లేదంటాడు ఖాజావలీ.
ఆదోని జిన్నింగు మిల్లులో
ముప్ఫై ఒక్క పత్తి సీజన్లు మింగినోణ్ణి,
నాది వాసన కాదు. దగ్గు.

"ఆ దగ్గు నీతోనే ఉంటాది తాతా,
ఈ ఫ్లూ దగ్గు ఊరకుండదు,
మంచం మంచం తిరుగుతాది"
అంటుంది సువార్తమ్మ.

పోయినేడు తిరిగింది.
ఎవరో పిల్లోని పుట్టినరోజని
అరటిపండ్లు పంచను వచ్చినారు.
పిల్లోడు ముక్కు ఎగబీలుస్తా
ఒక్కొక్కరి చేతిలో పండు పెట్టినాడు.
వెచ్చగా ఉండె ఆ చెయ్యి.
పసిచెయ్యి కదా, వెచ్చగుంటాదిలే అనుకుంటి.
నాలుగో నాటికి ఆరు మంచాలు మూలిగినాయి.
పదో నాటికి
రుద్రప్ప మంచమూ బజారమ్మ మంచమూ
మూలగడం మానుకున్నాయి.
ఆ వెచ్చదనం సంగతి
ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలే నేను.

ఈ యేడు వానలు వెనకబడతానే
అందరి జబ్బలకూ సూదులేసినారు.
"బతుకంతా గుడ్డకు పొడిస్తి,
ఇప్పుడు నాకే పొడుస్తారా" అన్నాడు ఖాజావలీ.
బేతంచెర్ల బండల మీద ఇనుప కాళ్ళు కీచుమంటా
మంచాలు దూరం జరిగినాయి.
చెయ్యి చాపితే అందే ఖాజావలీ భుజం
ఇప్పుడు నా కట్టెకు కూడా అందదు.
కిటికీలు తెరిచే ఉంచుతారు, చలి.
తిట్టుకుంటా దుప్పటి బిగిస్తాం.
పండ్లు తెచ్చినోళ్ళు గేటుకాడే పెట్టిపోతారు.
మనిషిని తాకే ముందు సబ్బు,
తాకినాక సబ్బు.
దగ్గొస్తే మోచేతి మడతలోకి.
నాకు నేర్పించను మూడు దినాలు పట్టింది దానికి,
మిల్లులో ముప్ఫై ఏండ్లు గాలికే దగ్గినోణ్ణి కదా.

అన్నీ ఓర్చుకుంటి.
ఆ సబ్బొక్కటే ఓర్వలేకపోతి.
హుసేనమ్మ సబ్బు, సువార్తమ్మ సబ్బు,
మద్దిలేటి కూడా సబ్బే.
ముక్కుకు గుడ్డలు కట్టుకోని
గొంతులు కూడా మారిపాయె.
రెండోసారి గుడ్డోణ్ణయినట్టుండె.

ఆ మంగళవారం
స్నానానికి లేపను మద్దిలేటి వీపు కింద చెయ్యేసినాడు.
సబ్బు వాసన. దాని కింద
పెనం.

తెలుసు నాకు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల ఫీజులు,
నాగా పెడితే కూలి లేదు.
తెలుసు నాకు. వాడు గాక
నన్నెత్తేవాడు ఈ హోమ్‌లో ఇంకొకడు లేడు.
వాడు ఊపిరి బిగబట్టినాడు. నేనూ బిగబట్టినా.
రుద్రప్ప మంచం ఉండే తావు మాత్రం
ఖాళీగా, చల్లగా, నా ఎడమ పక్క.

"సువార్తమ్మా" అని అరిచినా.

"నా నోటికాడ కూడు కొట్టినావు తాతా"
అనె మద్దిలేటి, అంతే.
"ఐదు నాళ్ళు ఇంటికాడ పండుకోపో, కూలి నేను రాయిస్తా"
అనె సువార్తమ్మ.
ఆఫీసు గదిలో మాత్రం
తలుపేసుకుని చానాసేపు గొంతులు లేచినాయి.
రాయించిందో, తన సంచిలోంచే ఇచ్చిందో
అడగలే నేను.
ఆ వారం స్నానం లేదు నాకు, తడిగుడ్డే.
ఇంకో మంచానికి జ్వరం రాలే.
అది సూది మహిమో, కిటికీ మహిమో, నా అరుపు మహిమో
సువార్తమ్మను అడిగితే
"అన్నీను, నోరు మూసుకో" అనింది.

ఏడోనాడు
ఎవరో వచ్చి మంచం కాడ నిలబడినారు.
మాటలేదు. సబ్బు వాసన.
"ఎవరూ?" అంటి.
పలకలే.
కొంచెంసేపటికి
వీపు కిందికి చెయ్యొచ్చింది.
చల్లగుండె.

"లెయ్ లెయ్" అన్నాడు విసురుగా,
"నీళ్ళు చల్లారిపోతాండాయి."