నిద్రపోయినట్టు రాసిన రాత్రులు

తెల్లవారుజామున మూడూ నలభైకి
జెట్టీ మెట్ల మీద లైఫ్ జాకెట్ బిగించుకుంటుంటే
లాంచీ సారంగు తెడ్డు నూకరాజు అడిగాడు:
"ఏటి బాబూ, అంతేసి ఓడకి పెద్దగుండడం ఒగ్గీసి
ఈ తాడు నిచ్చెన్లెక్కే ఉజ్జోగానికొచ్చీసినారు?"

నవ్వి ఊరుకున్నాను.
ఇంజను చప్పుడులో జవాబులు నిలవవు.

జవాబు ఒక రిజిస్టరు, నూకరాజూ.
నీలం అట్ట.
ఎవరు ఎంతసేపు పనిచేశారో, ఎంతసేపు పడుకున్నారో
గంటకో గడి నింపాలి.
ఏడేళ్లు నింపాను.
ఇరవై గంటలు నిలబడ్డ రోజున
పది గంటలు నిద్రపోయినట్టు రాశాను.
నాకొక్కడికే కాదు
వంట చేసే పీతాంబరానికి,
చెవిలో దూదితో తిరిగే ఫిట్టరుకి,
మీసం సరిగా రాని కేడెట్ కుర్రాడికి
అందరికీ నా పెన్నుతోనే నిద్ర పంచాను.

ఒడ్డున ఎక్కడో ఏసీ గదిలో ఒక గొంతు ఉండేది.
పేరు పెట్టి పిలవదు, "ఏయ్" అంటుంది.
"గడి ఖాళీగా వదిలావేం?
నీ కుర్చీ కోసం నలభైమంది లైన్లో ఉన్నారు."
మా చిన్నమ్మ పోయిన కబురు
పదకొండు రోజులు దాచి చెప్పింది,
సరుకు దింపడం ఆగిపోతుందని.
అప్పుడు కూడా "సరే సార్" అన్నాను.
అది నాకు ఇప్పటికీ అరగదు.

ఒక రాత్రి ఆ కుర్రాడు నిలబడే నిద్రపోయి
హేచ్ అంచు మీంచి తూలాడు.
కాలరు నా చేతికి దొరికింది.
తెగిన గుండీ ఒకటి చీకట్లోకి పడి
అడుగు తగిలిన చప్పుడు రావడానికి
చాలా సేపు పట్టింది.
తెల్లారి అతని పేరు పక్కన "విశ్రాంతి" అని రాయబోయి
పెన్నుకి మూత పెట్టేశాను.

రాజీనామా ఒక్క వాక్యం.
గొంతు మాత్రం అరగంట మాట్లాడింది.
ఫోను బల్ల మీద పెట్టి,
అది మాట్లాడుతుండగానే టీ కలుపుకున్నాను.
పంచదార ఎక్కువైంది. తాగేశాను.

ఆ తర్వాత, నలభై దాటాక, మళ్లీ విద్యార్థిని.
ఈ కాలువ మలుపులు, యారాడ కొండ కింద గాలి తిరిగే చోటు,
ఆటుకీ పోటుకీ మధ్య నీళ్లు ఆలోచించుకునే ఆ కాసేపు,
అన్నీ వల్లె వేశాను.

ఇదిగో ఓడ. నల్లటి గోడలా.
నిచ్చెన వేలాడుతోంది, కింది మెట్టు తడిసి.
లాంచీ అల మీద పైకి లేచిన క్షణానే పట్టుకోవాలి.
ముందైతే నలుగుతాం, ఆలస్యమైతే మునుగుతాం.
నూకరాజు "ఇప్పుడు" అంటాడు.
అరవడు.
అరవకుండా కూడా మనిషి ప్రాణం కాపాడొచ్చని
నాకు నలభై మూడో ఏట తెలిసింది.

సగం ఎక్కాక పొగగొట్టం మీద ఆకుపచ్చ పట్టీ కనబడింది.
నా పాత కంపెనీ.

బ్రిడ్జి మీద కేప్టెన్ కొత్తాయన.
కళ్ల కింద మాత్రం పాత నేనే.
చార్టు బల్ల మీద నీలం అట్ట, దాని మీద పెన్ను.

"డెడ్ స్లో ఎహెడ్" అంటే
"డెడ్ స్లో ఎహెడ్, సార్" అని తిరిగొస్తుంది.
"మిడ్‌షిప్స్" అంటే "మిడ్‌షిప్స్, సార్".
ఇచ్చిన మాటే తిరిగొస్తుంది ఇక్కడ,
మధ్యలో ఎవరూ బూతు కలపరు.
ఎడమన కొండ. కుడిన రాస్ కొండ మీద చర్చి దీపం,
దాని వెనక ఇంకా లేవని పాత ఊరు.

ఆయన జేబులో ఫోను మోగింది.
ఈ వేళప్పుడు ఎవరు చేస్తారో నాకు తెలుసు.
చెయ్యి జేబులోకి పోతుంటే అన్నాను:
"కాలువలో ఉన్నాం కేప్టెన్.
పైలట్ ఎక్కాక ఫోనెత్తకూడదు, మా పోర్టు రూలు."

అలాంటి రూలేం లేదు.
ఇన్నేళ్లు అన్ని అబద్ధాలు రాసినవాణ్ణి,
ఒకటి నోటితో చెప్పాను.

మోగి మోగి ఆగింది.
ఆయన కిటికీ కమ్మీకి ఆనుకున్నాడు,
కనురెప్పలు ఒకసారి వాలి, వెంటనే లేవలేదు.
చుక్కాని పట్టిన మనిషి వైపు వంగి
చెవిలో చెప్పినట్టు చెప్పాను:
"స్టెడీ."
అతనూ గుసగుసగానే:
"స్టెడీ, సార్."