నాలుగో చుట్టు

పొహోర్యె కొండ మీద తెల్లవారుజాము వాన
వేళ్ళన్నిటికీ సబ్బు రాసి పోయింది.
స్ప్రూస్ చెట్ల వేళ్ళకి. నా వేళ్ళకి కూడా,
బ్రేకు మీద మొద్దుబారి.

రెండో చుట్టులోనే గొలుసు జారింది.
ఎక్కించి లేచేసరికి
ల్యూబ్ల్యానా అమ్మాయిలు మలుపు దాటేశారు.
వాళ్ళ టైర్లు విసిరిన బురద
నా పళ్ళ మధ్య కరకరలాడుతోంది.

మా జట్టుకి కోచ్ లేడు. జట్టంటే నేనూ,
గాలిపంపు ఊపుతూ అరిచే యెర్నేయా.
"తొక్కవే నేజా, తొక్కు!"
ఏం తొక్కను? సైకిలే నా భుజమెక్కి కూర్చుంటే.

నియమం అందరికీ తెలిసిందే.
ముందు పోయినవాళ్ళు తిరిగొచ్చి
నీ వీపు అందుకునేలా ఉంటే
ఎర్రజెండా అడ్డం పడుతుంది.
నంబరు విప్పి ఇచ్చేసి
పక్కన నిలబడి చప్పట్లు కొట్టాలి.

నాలుగో చుట్టు చివర, రంపపుమిల్లు దగ్గర,
జెండాతో ప్రొఫెసర్ కొబాల్,
మట్టి శాస్త్రం క్లాసుకి
అర నిమిషం ఆలస్యమైతే తలుపేసే మనిషి.
వెనక చెట్లలో ఎవరిదో చక్రం
తుమ్మెదలా దగ్గరవుతోంది.
అయిపోయిందనుకున్నాను.
ఆయన నన్ను చూశాడు. గడియారం చూశాడు.
జెండా చంకలో ఇరికించుకుని
తీరిగ్గా వంగి
బూటు లేసు కట్టుకోవడం మొదలెట్టాడు.

పక్కనుంచే పోయాను, ఆఖరి చుట్టులోకి.
ముప్పై ఒకటో స్థానం.
దిగింది ముప్పై ఒక్కరం.

రాత్రి హాస్టల్ బాత్రూంలో
షూ మట్టి పుల్లతో గీకుతుంటే గుర్తొచ్చింది,
ఆయన వేసుకున్నవి
మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు.