రెండు నెలల పడవ

తానా సరస్సు ఒడ్డున పడవలు
నిలబడి ఎండుతున్నాయి.
పొద్దుట్నుంచీ నీళ్లు తాగీ తాగీ
సంత నుంచి తూలుతూ వచ్చిన బావల్లా
ఒకదాని భుజాన ఒకటి వాలి.

అస్నాకే కొత్తది కడుతున్నాడు.
తుంగకట్టను మోకాలితో అదిమి
తాడు పంటితో బిగించి,
కొస ఉమ్మేసి.
ఎన్నాళ్లొస్తుందన్నాను.
"చేపలు పడితే రెండు నెలలు.
పడకపోతే మూడు."

కొడవలి తిరిగిన చోట
తుంగమొదళ్లు తెల్లగా, మూడంచులుగా
నీళ్లలోంచి చూస్తున్నాయి.
పక్కనే, వేలెడు పచ్చటి మొన.
దానికింకా తెలీదు
తను ఎవరి పడవో.

పాతదాన్ని విప్పి
పొయ్యిలోకి తోసింది ఎంగుదాయ్.
సగం మంట, సగం పొగ.
కళ్లు నులుముకుంటూ తాగాను:
కాఫీలో కాస్త
చేపల వాసన.