ఎడమ చెవి

అంచులు కాలిన కాగితాలు పదకొండు, తెర మీద.
వేలు పెట్టి చూశాను. మసి అంటలేదు.

ఈనక్ టన్నిక్లిఫ్. గన్నర్.
అయిదడుగుల నాలుగంగుళాలు.
పింగాణీ బట్టీలో పనివాడు.
మా తాతకు అన్న. ఫోటో లేదు.

యుద్ధం ఊసే లేదు వీటిలో.
గుర్రం బ్రష్షు పోగొట్టినందుకు కోసిన జీతం ఉంది,
హాజరుకు ఆలస్యమైన ఒక పొద్దు ఉంది,
పంటినొప్పి ఉంది.

బ్యాటరీ డైరీలో ఆ రోజు:
"వాన. నాలుగు వందల పన్నెండు గుండ్లు. విశేషం లేదు."
వాటిలో ఆయన చేతుల మీదుగా ఎన్ని వెళ్లాయో,
ఎవరి పెంకుల మీద దిగాయో
రాసినవాడికీ తెలీదు.

చివరి కాగితం: ఎడమ చెవి, పూర్తిగా.
కుడిది, కొంత.

మిగతాది మేనత్త చెప్పింది.
స్టోక్‌కు తిరిగొచ్చి మళ్లీ బట్టీకే వెళ్లాడట.
కప్పును గోటితో మీటి
మోతలో బీట పట్టుకోవడం ఆయన పని.
వినపడక
అంచును పళ్లతో కరిచిపట్టి మీటేవాడట,
ఎముకతో వినేవాడట.
నవ్వేవారట అందరూ.
ఒక్క బీటా దాటిపోలేదట.

రాత్రి వంటింట్లో
టీ కప్పు పళ్లకు ఆనించి మీటాను.
ఇంకోసారి.

ఎవరో పిలుస్తున్నారు నన్ను,
ఎడమవైపు నుంచి అనుకుంటా.