మోచేతికి బెల్లం

జుబైల్ క్లినిక్‌ల నా పని తుడుచుడు.
తెలుగోళ్లొస్తే మాత్రం
కట్టె గోడకానిచ్చి
నేను నోరైత.

ఆ పొద్దు గంగనర్సయ్య వచ్చిండు.
పదకొండేండ్ల నుంచి ఏసీ డక్టులల్ల
మోచేతుల మీద పాకే మనిషి.
కుడి మోచేతి కొసకు కోడిగుడ్డంత వాపు,
ఎర్రగ,
ముట్టుకుంటే చాయ గ్లాసు లెక్క కాలుతంది.

సూడాన్ డాక్టర్ బాబికర్
చెయ్యి చూసింది తక్కువ, అడిగింది ఎక్కువ.
షుగరున్నదా?
సిగరెట్లెన్ని?
కాలి బొటనవేలు ఎప్పుడన్న రాత్రిపూట వాచిందా?
ఎవరన్న ఇచ్చిన నొప్పిగోళీలు మింగుతవా?
దెబ్బ తాకితే ఎన్నొద్దులకు మానుతది?

"మోచేతికి బొటనవేలు ఏం సుట్టమురా?"
అని గంగనర్సయ్య నన్నడిగిండు.
అది నేను అరబ్బీల చెప్పలే.

షుగర్ లేదన్నడు. సిగరెట్ ముట్టనన్నడు.
పై నెల అకామా రెన్యూవల్.
షుగరన్న ముక్క కాయితం మీద పడితే
కంపెనీ ఏమంటదోనని.
ఆ భయం నాకెరుకే,
నేనూ దాని కిందనే పంటున్న.

కానీ మాది ఒకటే రూం.
ఆయన మంచం కింద పాలపొడి డబ్బాల
షుగర్ గోళీలు,
పండుగకొకటి మింగినట్టు మింగుతడు.
కిటికీ సందుల సిగరెట్ పీకలు.
మొన్న బొటనవేలికి తడిగుడ్డ చుట్టుకొని
తెల్లందాక కూసున్నడు.

డాక్టర్ సూది తీసిండు.
ఇది పొడిస్తే వాపు గుంజుతదట.
గంగనర్సయ్య మొఖం వెలిగింది.

మోచేతికి బెల్లం రాసి నాకమనుడంటే
మేస్త్రీల జూటా మాటలనుకున్న ఇన్నాళ్లు.
ఆ బెల్లం లోపల,
నెత్తుట్లనే ఉంటదని తెల్వదు.

అరబ్బీల లేదంటే ఒక్క అక్షరం: లా.
అది నా నోట్లకెల్లి రాలే.
"ఉంది సాబ్. అన్నీ ఉన్నయి."

సూది మళ్ల ట్రేల పడ్డది.
వేలు పొడిచి చూస్తే మూడువందల పన్నెండు.
గోళీలు రాసి,
ఎరుపు చుట్టూ పెన్నుతోని గీత గీసిండు.
ఎరుపు ఈ గీత దాటితే
అర్ధరాత్రయినా పెద్ద దవాఖానకు ఉరకమన్నడు.
షుగరున్నోని చీము ఆగదు,
పొగ తాగేటోని పుండు జల్ది మానదు,
అని నేను తెలుగుల చెప్తుంటే
ఆయన గోడను చూసిండు.

రెండొద్దులు నాతోని మాట లేదు.

మూడోనాడు పొద్దుగాల, లైటెయ్యకుండ,
నా మంచం మీదికొచ్చి చెయ్యి చాపిండు.
ఫోన్ వెలుగుల చూసిన.
మూడు దిక్కుల ఎరుపు గీత లోపలనే ఉంది.
నాలుగో దిక్కు
చెమటకు గీతే చెరిగిపోయింది.

"పెన్నున్నదా?" అన్నడు.